ఒకే ఒక గడి

నిన్న పొద్దుట్నుంచి ఇవాళ పొద్దుటి దాకా
మీ ఇంట్లో ఏమేం తిన్నారమ్మా?
శ్రీకాకుళం, హౌసింగ్ బోర్డు కాలనీ,
మూడో అంతస్తులో చెప్పుల స్టాండు పక్కన
ప్లాస్టిక్ కుర్చీలో నేను, గుమ్మానికి ఆనుకుని దమయంతి.
ఒళ్ళో ట్యాబ్. ట్యాబ్‌లో పన్నెండు గడులు.
తిన్నారు, తినలేదు. మూడో మాటకి చోటు లేదు.
ఇంటికి అరవై రూపాయలు నా కూలి.

ధాన్యం?
పొద్దున్న ఇడ్లీ, మధ్యాన్నం అన్నం, రాత్రి అన్నం.
గుడ్డు?
బాబుకి సూర్యమహల్ దగ్గర నూడుల్స్‌లో కొట్టారు.
పండు?
యాపిల్, సగం. మిగతా సగం నల్లబడితే పారేశాను.
పాలు ప్యాకెట్టువి, చేప ఐసులోది,
ఆదివారం చికెన్ నిన్నటిదాకా లాగింది,
బంగాళాదుంప, నూనె, పంచదార.
ఒక్కో జవాబుకీ తెర పచ్చబడుతూ పోతోంది
చేలో నాట్లు పడుతున్నట్టు.

ఆకుకూర?
పాలకూర. కట్ట ఇరవై, అని నొచ్చుకుంది.
పచ్చ.

పన్నెండుకి పదకొండు.
పొద్దుట్నుంచి తిరిగిన ఇళ్ళన్నిట్లో ఇదే గొప్ప ఇల్లు.

అప్పుడొచ్చింది వంటింట్లోంచి ఎర్రయ్యమ్మ,
తల తుంచుతున్న నెత్తళ్ళు చేతిలోనే ఉన్నాయి.
"ఆకంతే ఏ ఆకు బాబూ?
తొలివానకి సేనుగట్టున మొలిసీ సెంచలాకా?
కోతలయ్యేక మడిలో గిల్లీ పొన్నగంటా?
మునగాకు ఆసాడంలో వొండీవోళ్ళం,
సింతసిగురు సెట్టెక్కినోడికే ముందు పెట్టీవోళ్ళం.
గోగులో ఎర్రదొకటి, తెల్లదొకటి,
రెండూ ఒకటే గదా అంతే
మా అత్త సట్టి ఇసిరీది."

నా ట్యాబ్‌లో వాటన్నిటికీ కలిపి
వేలిగోరంత చోటు. అదెప్పుడో నిండిపోయింది.
"ఎన్ని రకాలు తిన్నారమ్మా ఆ రోజుల్లో!" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

దమయంతి గొంతు పెరిగింది.
"ఆకులు లెక్కెడతాది మా అత్త.
చోడిగంజి తప్ప ఏమీ లేని పూటలు లెక్కెట్టదు.
మా అమ్మ కోడి గుడ్డు పెడితే మేం చూడ్డానికే,
ఆమదాలవలస సంతలో అమ్మి
ఉప్పూ కిరసనాయిలూ తెచ్చేది.
ఇప్పుడు నా కొడుకు గుడ్డు వద్దని అలుగుతున్నాడు.
ఆ అలక నాకు ముద్దొస్తాది. రాసుకో."

రాసుకోడానికి గడి లేదు.
"నిజిమే," అంది ఎర్రయ్యమ్మ, చేపల్లోకి చూస్తూ.
కాసేపు కుక్కరొక్కటే మాట్లాడింది.

ఆఖరి ప్రశ్న:
కొనకుండా దొరికిందేమైనా తిన్నారా?
లేదండి, అంది దమయంతి.
ముసలామె మెల్లగా చెయ్యెత్తింది
జవాబు తెలిసిన వెనక బెంచీ పిల్లలా.
"కింద నీళ్ళ టేంకు పొర్లీకాడ
గలిజేరొచ్చింది బాబూ.
రేత్రి ఎల్లుల్లేసి ఏపుకున్నాను. నానొక్కద్దాన్నే.
ఈళ్ళు మురుగాకంతారు, ముట్టరు."

ఇంట్లో ఒక్కరు తిన్నా తిన్నట్టే అని రూలు.
నొక్కాను. పేరు రాయమంది.
గలిజేరు అని కొట్టాను.
కింద ఎర్రగీత గీసి
'గలీజు' అనబోయారా? అని అడిగింది ట్యాబ్.

కాదని నొక్కి మెట్లు దిగాను.
ట్యాంకు పక్కన, పాచిపట్టిన గోడ వారన,
చిగుళ్ళు గిల్లిన కాడలు నేలని కరుచుకుని ఉన్నాయి.
గోటితో గిల్లిన గుర్తులు. ఒక్క వేరూ లాగలేదు ఆమె.
గిల్లిన ప్రతిచోటా రెండేసి ఆకులు అప్పుడే మొదలు.

ఆకలేసింది నాకు.
ఏడు రోడ్ల దగ్గర బండి ఆపి
రోజూ తినే పరోటాయే చెప్పాను.